కాటా అన్న కేసు: ‘బాగుండా’ అన్నాక ఏం అడగాలి?

అక్టోబరులో ఒక మంగళవారం. నేను క్లినిక్ తాళం తీయకముందే ముగ్గురు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నలభై ఆరేళ్ళ మనిషి, పక్కన ఆయన భార్య, రెండు మెట్లు కిందగా ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడు. కుర్రాడి ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో ఎర్ర అట్ట లాంగ్ నోట్‌బుక్కు.

"బాగుండారా?" అన్నాను అలవాటుగా, తాళం తిప్పుతూ.

"బాగుండాం మేడం" అన్నారు ముగ్గురూ.

రాత్రంతా ఆ ముగ్గురికీ కంటి మీద కునుకు లేదనీ, ఆ పెద్దాయన్ని ఒంటరిగా వదలకూడదని చెప్తే బాత్‌రూమ్ తలుపు బయట కూడా ఒకరు నిలబడ్డారనీ ఐదు నిమిషాల తర్వాత తెలిసింది. పద్నాలుగేళ్ళుగా తిరుపతిలో కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఇంత దుఃఖంతో వచ్చినవాళ్ళ చేత కూడా మొదటి మాటగా ‘బాగుండాం’ అనిపించింది నా ప్రశ్నే.

ఈ కేసు రాయడానికి ఆయన ఒప్పుకున్నాడు, రాసింది చదివించుకుని విన్నాడు కూడా. పేర్లు రాయను. ఊరికీ కుటుంబానికీ సంబంధించిన గుర్తులు కొన్ని మార్చాను. ఫ్యాక్టరీలో అందరూ పిలిచినట్టే ఇక్కడ ‘కాటా అన్న’ అంటాను.

మనిషి, పని

కాటా అన్న చిత్తూరు వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వే బ్రిడ్జి దగ్గర గుమాస్తా. లోడుతో ట్రాక్టరు లోపలికి వచ్చేటప్పుడు ఒక తూకం, కాయ దించి ఖాళీగా బయటికి పోయేటప్పుడు ఇంకో తూకం. మొదటిది గ్రాస్, రెండోది టేర్, రెంటికీ తేడా నెట్. రైతుకు డబ్బులు వచ్చేది నెట్ మీద. ఈ లెక్క ముందుగా ఎందుకు చెప్తున్నానంటే, కేసు మధ్యలో నేను చేసిన తప్పును ఆయన ఈ లెక్కతోనే నాకు చూపించాడు.

సీజన్లో ఫ్యాక్టరీ రాత్రీ పగలూ నడుస్తుంది. 2025 సీజన్ సంగతి చిత్తూరు జిల్లాలో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. తోతాపురి ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, పైన ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని చెప్పారు. గేటు బయట ట్రాక్టర్లు వరసకట్టి రోజుల తరబడి నిలబడ్డాయి. ఎండకు కాయ మెత్తబడే కొద్దీ రైతుకు కడుపు మంట. ఆ మంట మేనేజరు గదిదాకా పోదు, కాటా కిటికీలో కూర్చున్నవాడి దగ్గరే ఆగిపోతుంది. రోజుకు ఇన్ని తిట్లు అని లెక్కపెట్టుకునేవాడట.

కానీ ఆయన కుంగిపోయింది సీజన్లో కాదు, అయిపోయాక. సెప్టెంబరుకల్లా లోడ్లు ఆగిపోయాయి, సీజన్ కూలీలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయారు, క్యాంటీన్ మూసేశారు. ఎనిమిది గంటలు ఆ చిన్న గదిలో ఒక్కడే. "సీజన్లో తిట్టేదానికైనా మనుషులుండారు మేడం" అన్నాడు రెండోసారి వచ్చినప్పుడు, నవ్వకుండా.

ఇక చీటీ. ఫ్యాక్టరీలో ఇరవై మందితో నెలకు ఐదువేల చీటీ వేయించాడు, 2024 అక్టోబరులో మొదలు. ఇరవై నెలలు, లక్ష రూపాయల చీటీ. రెండో నెలా మూడో నెలా పాట పాడుకున్న ఇద్దరు ఫిబ్రవరి నుంచి కట్టడం మానేశారు. ఒకడు హోసూరు వైపు పనికి పోయాడన్నారు, ఇంకొకడి ఫోను కలవదు. నెలనెలా ఆ పదివేలు కాటా అన్న చేతి నుంచి పెట్టుకుంటూ వచ్చాడు. సెప్టెంబరుకు ఎనభైవేలు, అంతా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఇంకా ఎనిమిది నెలలుంది, అంటే ఇంకో ఎనభైవేలు. రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపడం 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం నేరం కాబట్టి స్టేషన్‌కు పోయే దారీ లేదు. భార్యకు చెప్పలేదు. ఆమె బ్లౌజులు కుట్టి దాచుకున్న డబ్బు కూడా చీటీలోనే పోయింది కనక.

నన్నడిగితే ఈ కేసు మొత్తానికి ముడి ఇక్కడే ఉంది. ఆయన్ని రోజూ "ఎట్లుండావు న్నా?" అని పలకరించే మనుషులూ, ఆయన డబ్బు ఇవ్వాల్సిన మనుషులూ ఒక్కరే. వాళ్ళు నిజంగా క్షేమం కోసమే అడిగినా ఆయన చెవికి "డబ్బు ఎప్పుడిస్తావు?" అనే వినిపించేది. దానికి ఆయన దగ్గరున్న జవాబు ఒక్కటే: "బాగుండా". బాగున్నానంటేనే చీటీ నడుస్తుంది.

గ్యాస్ అని తిరిగిన నెలలు

మా దగ్గర మనసు బాగాలేకపోతే అది ముందు ‘గ్యాస్’ అయి బయటపడుతుంది. గుండె దడ, ఛాతీ మీద బరువు, అన్నం సయించకపోవడం, తెల్లవారుజామున మూడింటికి మెలకువ. ఆయన రెండు ప్రైవేటు ఆసుపత్రుల్లో చూపించుకున్నాడు. ఈసీజీ తీశారు, ఎండోస్కోపీ చేశారు, రెండూ నార్మల్. గ్యాస్ మాత్రలు రాసిచ్చారు. నిద్ర ఎట్లా ఉంది, దేని మీదైనా ఆశ ఉందా అని ఎవరూ అడగలేదు. డాక్టర్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఓపీలో మనిషికి మూడు నిమిషాలిస్తే నేనైనా ఈసీజీయే చూస్తాను. కాకపోతే నార్మల్ రిపోర్టు చేతికొచ్చాక ఇంట్లోవాళ్ళందరూ "ఏమీ లేదంట, అంతా మంచిదే" అని ఊపిరి పీల్చుకున్నారు. ఆ రోజు నుంచి ఆయనకు బాధ చెప్పుకునే అర్హత కూడా పోయింది.

పుస్తకం చేతికిచ్చిన సాయంత్రం

మా దగ్గరికి రావడానికి ముందు రోజు, సోమవారం సాయంత్రం. ఫ్యాక్టరీ ఎదురుగా టీ కొట్టు. ల్యాబ్‌లో బ్రిక్స్, అంటే గుజ్జులో తీపి ఎంతో చూసే కుర్రాడు టీ తాగుతున్నాడు. కాటా అన్న వచ్చి పక్కన కూర్చుని, ఈ ఎర్ర పుస్తకం అతని చేతిలో పెట్టాడు.

"ఇది నీ దగ్గర ఉండనీ రా."

కుర్రాడూ చీటీలో ఉన్నాడు, ఇంకా పాడుకోలేదు. పుస్తకం తెరిచాడు. ఇరవై పేర్లు, ఇరవై గళ్ళు. కట్టినవాళ్ళకు నీలం టిక్కు. ఎవరికి ఎంత రావాలో చివర్లో కొత్తగా రాసి, కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు గీసి ఉంది. ఆ గీతల కింద ఆయన పీఎఫ్ నంబరు, కొడుకు కాలేజీ ఫీజు చివరి తేదీ. ఆ పేజీ తర్వాత నేనూ చూశాను. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క అంకె దిద్దలేదు. స్కేలు పెట్టి గీసిన గీతలు.

కుర్రాడు చెప్పినదాన్ని చెప్పినట్టే రాసుకున్నాను.

"చీటీ సంగతి పక్కన పెట్టు న్నా. ఇది నాకెందుకిస్తా ఉండావు?"

"ఉండనీలే."

"నువ్వు యాడికి పోతా ఉండావు?"

జవాబు లేదు. టీ గ్లాసు మీద మీగడ కట్టిందట. ఈగ వాలితే ఆయన తోలలేదట.

"చచ్చిపోవాలని అనిపిస్తా ఉందా న్నా నీకు?"

చాలాసేపు ఊరుకుని, "అనిపిస్తా ఉంది రా" అన్నాడు కాటా అన్న.

కుర్రాడు ‘ఛ, ఏం మాటలవి’ అనలేదు. ‘పిల్లల మొహం చూసుకో’ అనలేదు. ఇంకో రెండు టీలు చెప్పి, "నేను ఇక్కడే ఉంటా, తాగు" అన్నాడు. తర్వాత బండి మీద ఇంటికి తీసుకుపోయి, ఆయన ఎదురుగానే వదినకు చెప్పాడు. రాత్రి పదిన్నరకు ముగ్గురూ కూర్చుని టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేశారు. మానసిక సాయం కోసం 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ లైన్ అది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఒంటరిగా వదలొద్దు, పొలం మందుల్లాంటివి ఇంట్లో ఉంటే తీసేయండి, రేపే చూపించండి అని అవతలివాళ్ళు చెప్పారు. తెల్లారేలోగా అవన్నీ పక్కింటి అక్క దగ్గరికి చేరాయి.

ఆ ప్రశ్న అడిగే ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందని కుర్రాణ్ణి అడిగాను. చేతిలో కవరు మడుస్తూ, "మా చిన్నాయన్ని అప్పుడు ఎవురూ అడగలేదు మేడం" అన్నాడు.

చావు గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామందికి భయం. అట్లా జరగదని దాని మీద జరిగిన పరిశోధనలు చెప్తున్నాయి. నా అనుభవంలో అడిగినప్పుడు మనిషి భుజాలు కిందికి దిగుతాయి. ఇంకో భయం పోలీసు కేసు. కాటా అన్న భార్య నా గదిలోకి రాగానే అడిగిన మొదటి ప్రశ్న అదే. ఆలోచన ఉందని చెప్పుకోవడం నేరం కాదు. ప్రయత్నం చేసినవాళ్ళను కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్షించకుండా చికిత్స అందించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెప్తుంది. ఆమెకు సెక్షన్ నంబరుతో పనిలేదు. "అయితే చెప్పుకోవచ్చా మేడం?" అంది. చెప్పుకోవచ్చు తల్లీ అన్నాను.

మొదటి రోజు రెండు గంటలు కూర్చున్నాం. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటుంటుంది, గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది, మొత్తం 27 మార్కులు. 20, ఆపైన వస్తే తీవ్రమైన డిప్రెషన్. ఆయనకు 19 వచ్చింది, తొమ్మిదో ప్రశ్నకు అంటే చావు ఆలోచనలకు ‘సగం కంటే ఎక్కువ రోజులు’. అదే రోజు నేనే వెంటబెట్టుకుని సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకుపోయాను. మందులు మొదలయ్యాయి. అవి గుణం చూపించడానికి కొన్ని వారాలు పడుతుందని, ఈలోగా మానేయకూడదని ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. ఎందుకు విడివిడిగా అంటే, కలిపి చెప్తే ఇద్దరూ తలూపుతారు, ఇద్దరూ వినరు.

చిత్తూరులో చూపించుకోకుండా డెబ్భై కిలోమీటర్లు ఎందుకొచ్చారంటే, తిరుపతికి పోతున్నామంటే మా ప్రాంతంలో ఎవరూ ఎందుకని అడగరు. అదొక వెసులుబాటు. రెండోసారి వచ్చి వెళ్ళాక మాత్రం వీధిలోవాళ్ళు "లడ్డు ఏదీ?" అన్నారట. మూడోసారి ముందు కొండకు పోయి, దర్శనం చేసుకుని, తర్వాత నా దగ్గరికొచ్చారు. నాకూ ఒక లడ్డు దక్కింది.

తలా ఒక ముక్క

ఆయన అనుమతితో ఐదుగురితో విడివిడిగా మాట్లాడాను. అందరినీ ఒకటే అడిగాను: ఈ మూడు నెలల్లో ఆయనలో మీ కంటికి కనిపించిన తేడా ఒక్కటి చెప్పండి.

భార్య: మూడింటికి లేచి వాకిట్లో కూర్చుంటాడు. చెన్నైలో చదివే కొడుకు: వీడియో కాల్‌లో ఫోను గోడకు తిప్పి మాట్లాడతాడు. "తిన్నావా నాయనా?" అంటే "తిన్నా" అంటాడు. (కంచంలో సగం వీధి కుక్కకు పోతోందని భార్యకు తెలుసు, కొడుక్కు తెలియదు.) పుత్తూరులో ఉండే అక్క: వారం వారం ఫోన్ చేసేవాడు, ఇప్పుడు నేను చేస్తేనే. ఫ్యాక్టరీ మేనేజరు: ఇన్నేళ్ళలో ఒక్క స్లిప్పు తప్పు రానివాడు ఆగస్టులో రెండుసార్లు గ్రాస్ గడిలో టేర్ కొట్టాడు. ఇక ఆయన పాత స్నేహితుడు, రిటైరైన ఆర్టీసీ డ్రైవరు: "ముందు టీ డబ్బులు ఇయ్యడం మానేసినాడు. నేనిస్తా ఉండా గదా, దానికేం. తర్వాత టీకి రావడం మానేసినాడు."

ఐదు ముక్కలూ ఐదు చోట్ల ఉన్నాయి. ఒకరి ముక్క ఇంకొకరికి తెలియదు. ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో ముప్పై మందికి పైగా ఉన్నారు. రోజూ పొద్దున గుడ్ మార్నింగ్ బొమ్మ, కింద దండాలు. ఆగస్టు మధ్యలో కాటా అన్న గ్రూపులోంచి బయటికి పోయాడు. ‘లెఫ్ట్’ అని కనిపించింది. ఎవరో ఒకరు అడిగుంటారులే అని అందరూ అనుకున్నారు. పదిమందిలో పాము చావదని ఊరికే అన్నారా?

నేను చేసిన తప్పు

ఇన్ని ముక్కలు చేతిలో పెట్టుకుని నేను చేసిన పని, ఒక టైమ్‌టేబుల్ వేయడం. పొద్దున అక్క, పదకొండుకు డ్రైవరు, మధ్యాహ్నం కుర్రాడు, సాయంత్రం మేనేజరు, రాత్రి కొడుకు. అందరూ ఫోన్ చేసి ఎట్లున్నాడో కనుక్కోవాలి, కొత్త గ్రూపులో ‘మాట్లాడాను’ అని పెట్టాలి. మొదటి వారం నాకు ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. గ్రూపు నిండా పచ్చ టిక్కులు.

రెండో వారం గురువారం మధ్యాహ్నం ఆయన ఫోన్ స్విచాఫ్. రెండు, మూడు, నాలుగు గంటలు. కొడుకు చెన్నైలో బస్సెక్కేశాడు. నేను ఓపీ ఆపేసి ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. ఐదున్నరకు డ్రైవరు పెద్దాయన పాకాల జంక్షన్‌లో కనిపెట్టాడు. ప్లాట్‌ఫారం మీద బెంచీలో, చెనిక్కాయల పొట్లం పక్కన పెట్టుకుని, మెయిన్ ఎంట్రన్సు వైపు మొహం పెట్టి కూర్చున్నాడట. ఏం చేయాలని పోలేదు. ఎవరూ అడగని చోట కాసేపు కూర్చోవాలని పోయాడు. (ఈ మాట నిజమేనా అని తర్వాతి సెషన్‌లో వివరంగా అడిగి చూసుకున్నాను. నిజమే.)

"అందురూ నన్ను తూకం వేస్తా ఉండారు మేడం" అన్నాడు. "పొద్దునొకరు, మధ్యాన్నమొకరు. లోడు ఎవురూ దించరు, కాటా మీద నిలబెట్టి అంకె చూసుకోని పోతారు. అట్ల పదిసార్లు తూచినా గ్రాసే గదా వచ్చేది?"

నోట్స్‌లో ఈ మాట కింద గీత గీసుకున్నాను. అడగడం ఎక్కువైతే చాలనుకున్నాను నేను. అడిగి, విని, చేతిలోంచి ఏదో కొంత దించుకుని, మళ్ళీ వచ్చి చూడటం వేరే పని. పైగా ఆ ఐదుగురు ఫోన్ చేసింది ఆయన కోసం ఎంతో, గ్రూపులో నాకు చూపించడం కోసమూ అంతే. ఆ గ్రూపు ఆ రోజే తీసేశాను.

మార్చినవి

డబ్బు మాటనూ క్షేమం మాటనూ విడదీశాం. అన్నింటికంటే పెద్ద మార్పు ఇదే. చీటీ గురించి నెలలో మొదటి ఆదివారం, అక్క ఇంట్లో, ముఖాముఖి. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ ఆయన దగ్గర ఎవరూ ఎత్తకూడదు. ఏదైనా ఉంటే ఎర్ర పుస్తకం పట్టుకున్న కుర్రాణ్ణి అడగాలి. మొదటి ఆదివారం నేనూ పోయాను. ఇంకా పాడుకోని ఎనిమిది మందిలో ఆరుగురు వచ్చారు. రెండు గంటలు కేకలేసుకున్నారు, మధ్యలో అక్క రాగి సంగటి పెట్టింది, తిన్నాక కాస్త తగ్గారు. ఇకనుంచి పాడుకునేవాళ్ళకు ఆ పదివేలు తగ్గించి ఇవ్వాలి, తగ్గినదాన్ని బాకీగా రాసుకోవాలి, వచ్చే సీజన్ నుంచి నెలకింత అని తీర్చాలి అని తేలింది. హోసూరు పోయినవాడి అన్న కొంత కడతానన్నాడు. ఇంకొకడి సంగతి ఇప్పటికీ తేలలేదు. ఎనభైవేల అప్పుకు అక్క తన గాజులు కుదువ పెట్టింది, వడ్డీ మూడు రూపాయల నుంచి బ్యాంకు వడ్డీకి దిగింది. భార్య ఆ రోజు మొదటిసారి మొత్తం లెక్క విన్నది. మూడు రోజులు మాట్లాడలేదట. నాలుగో రోజు "ఇంతేనా?" అన్నదట. ఆయన దాచిపెట్టినన్నాళ్ళూ ఆమె మనసులో ఊహించుకున్నది అంతకంటే పెద్దదిగా ఉంది.

డ్రైవరు పెద్దాయనకు చీటీతో సంబంధం లేదు. అందుకే రోజువారీ మనిషిగా ఆయన్ని పెట్టాం. రోజూ పొద్దున ఆరున్నరకు ఇంటికొస్తాడు, ఇద్దరూ చెరువు కట్ట దాకా నడిచి టీ తాగుతారు. ఏమీ అడగొద్దన్నాను. "నాకు అడిగేది రాదులే అమ్మా, మాట్లాడేది వస్తుంది" అన్నాడు. ముప్పై ఏళ్ళ ఘాట్ రోడ్డు కథలు ఆయన దగ్గర ఎట్లా ఉన్నాయంటే, కాటా అన్న నోరు విప్పే అవసరమే రాలేదు. మూడో వారంలో ఒక కథ మధ్యలో కాటా అన్న "అది పోయిన వారం చెప్పినావు" అన్నాడట. ఇది చెప్పడానికి పెద్దాయన నాకు ప్రత్యేకంగా ఫోన్ చేశాడు.

కొడుకును "తిన్నావా" మానేసి నాయనను ఏదైనా సాయం అడగమన్నాను. పాత బండి కార్బొరేటర్ గురించి అడిగాడు. ఫోను గోడ మీద నుంచి మొహం మీదికి ఎప్పుడు తిరిగిందో వాడికే గుర్తులేదు.

అక్కకు ఇచ్చిన పని, వారానికి ఒక వాయిస్ మెసేజ్. జవాబు అడగకూడదు. దీని వెనక ఒక పాత పరిశోధన ఉంది. అమెరికాలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు, ఆసుపత్రి నుంచి ఇంటికి పోయాక చికిత్స వద్దన్న 843 మందిని రెండు గుంపులుగా చేశాడు. ఒక గుంపుకు ఐదేళ్ళలో 24 చిన్న ఉత్తరాలు పంపించాడు. రమ్మని లేదు, మందులేసుకోమని లేదు, మీరు గుర్తున్నారు, బాగుండాలని కోరుకుంటున్నాం అన్నంతే. ఉత్తరాలు అందిన గుంపులో ఆత్మహత్యలు తక్కువ, ముఖ్యంగా మొదటి రెండేళ్ళలో. అక్కకు ఇదంతా చెప్పలేదు. "జవాబు రాకపోయినా కోప్పడొద్దు" అన్నాను. ఆమె పంపినవి నాకు వినిపించాడు. ఒకదాంట్లో మొత్తం పెరట్లో ములగ చెట్టుకు పట్టిన గొంగళి పురుగుల గురించే.

కష్టంగా ఉన్న రోజు ఏం చెప్పాలన్నది ఆయనే తేల్చాడు. ‘నాకు బాగాలేదు’ అనడం ఆయనకు చేతకాదు. "‘లోడు’ అని పెడతా మేడం. ఆ ఒక్క మాట చాలు." లోడు అని వస్తే, ముందే అనుకున్న ముగ్గురు దగ్గరివాళ్ళలో ఎవరో ఒకరు మనిషిగా అక్కడికి పోవాలి, ఫోన్‌తో సరిపెట్టకూడదు. ‘ఖాళీ’ అంటే ఏమీ అక్కర్లేదు. ఈ రెండు మాటలూ, 14416, డాక్టరు నంబరు ఒక పాత తూకం స్లిప్పు వెనక రాసి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగో వారం పట్టికలో 14, పన్నెండో వారం 7. తొమ్మిదో ప్రశ్నకు సున్నా. మందులు సాగుతున్నాయి. ఈ తగ్గుదలలో మందుల వాటా ఎంత, సంగటి వాటా ఎంత అని నన్నడగొద్దు, విడదీసి చూపించే తూకం నా దగ్గర లేదు.

సంక్రాంతికి ఒకసారి వెనక్కి జారింది. భోగి రోజు చీటీలో ఉన్న ఒకతను తాగొచ్చి వీధిలో నిలబడి అరిచాడు. కాటా అన్న లోపలికి పోయి తలుపేసుకున్నాడు. పావుగంటకు ముగ్గురి ఫోన్లకూ ‘లోడు’ అని వచ్చింది. భార్య తలుపు దగ్గరే కూర్చుంది. డ్రైవరు పెద్దాయన మంట దగ్గర నుంచి లేచి లుంగీ మీదే వచ్చాడు. రాత్రి పదకొండు దాకా ముగ్గురూ పేకాట ఆడారు. ఆ రాత్రి నేను చేసిందల్లా, పొద్దునే డాక్టరుకు ఫోన్ చేసి రావాల్సిన తేదీని ముందుకు జరపడం.

ఇంకో విషయం, నా నోట్స్‌లో చాలా ఆలస్యంగా చేరింది. డిసెంబరులో ల్యాబ్ కుర్రాడు బస్సు దిగి ఒక్కడే వచ్చాడు. రాత్రిళ్ళు ఫోన్ మోగినట్టు ఉలిక్కిపడి లేస్తున్నాడట. చిన్నాయన కలలోకి వస్తున్నాడట. రెండు నెలలుగా ఆ కుర్రాణ్ణి నేను అడిగిందంతా "అన్న ఎట్లుండాడు?" అనే. "నువ్వెట్లుండావు?" అని ఒక్కసారీ అడగలేదు. అడిగే మనిషి రాయిలా ఉంటాడని మనకో నమ్మకం. ఆరుసార్లు కూర్చున్నాం అతనితో. ఎర్ర పుస్తకం ఇప్పుడు నెల మార్చి నెల కుర్రాడి దగ్గరా, చీటీలోనే ఉన్న ఒక పెద్దావిడ దగ్గరా ఉంటోంది.

సీజన్ మొదలుకాబోయే ముందు కాటాకు తూనికలు కొలతలవాళ్ళు వచ్చి ముద్ర వేసి వెళ్ళారు. ఆ రోజు ల్యాబ్ కుర్రాడు కిటికీ దగ్గరికి వచ్చి, అలవాటుగా "ఎట్లుండావు న్నా?" అన్నాడట.

కాటా అన్న స్క్రీన్ మీద సున్నా వచ్చిందో లేదో చూసుకుని, తలెత్తి అడిగాడట: "గ్రాసు చెప్పమంటావా, నెట్టు చెప్పమంటావా?"

కుర్రాడు లోపలికొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.